గట్ల మీద పాత సైక్లోక్రాస్ సైకిలు: రంగు సంగతి తర్వాత, ముందు సీటు పైపు ఊడదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ మావయ్యగారు బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కొనుక్కున్న స్టీలు సైక్లోక్రాస్ సైకిలు (పొలాల్లో, బురదలో పెట్టే పోటీలకి చేసినది), 1980ల నాటిది, పాలకొల్లులో మీ ఇంటి వసారాలో 12 ఏళ్ళుగా వేలాడుతోంది. దాన్ని బాగుచేయించి కాలవ గట్ల మీద తొక్కాలని మీ కోరిక. పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి పొయ్యిలో కాల్చడం, చేయిస్తే తుప్పు ఆగిపోతుందా అని ఒక సందేహం. "28 సైజు టైరేగా, మన దగ్గరే ఉంది" అంటున్న మెకానిక్‌ని నమ్మచ్చా అని రెండోది. అసలు ఈ నేలకి అది పనికొస్తుందా, గోడకి బొమ్మలా వదిలేయాలా అని మూడోది.

సూటిగా చెప్తానండి. పనికొస్తుంది, బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ రంగు ఇప్పుడు వేయించకండి. ఆ 28 టైరు జోలికి పోకండి. ముందు సీటు పైపు, అంటే సీటుని మోస్తూ ఫ్రేము సీటు గొట్టంలోకి దిగి ఉండే పైపు, ఊడి వస్తుందో లేదో చూడండి. అది వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. రాకపోతే ఏం చెయ్యాలో కింద రాశాను.

నేనెవరో రెండు ముక్కలు. అమలాపురం దగ్గర మా నాన్నకి అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. బడి నుంచి రాగానే సంచీ పడేసి పంక్చర్లు వేసేవాణ్ణి. తర్వాత ఉద్యోగం మీద ఆరేళ్ళు బెల్జియంలోనే గెంట్‌లో ఉన్నాను. అక్కడ చలికాలం ఆదివారాలు పొలాల్లో పోటీలు పెడతారు, జనం గొడుగులేసుకుని వచ్చి మరీ చూస్తారు. మోకాలి లోతు బురదలో మనుషులు సైకిలు భుజాన వేసుకుని పరిగెడుతుంటే మొదటిసారి నాకు నవ్వాగలేదు. మా లంకల్లో పాలు పోసేవాళ్ళు వానాకాలమంతా చేసే పని అదే, వీళ్ళు దానికి టికెట్టు పెట్టారు! తిరిగొచ్చేటప్పుడు రెండు పాతవి తెచ్చుకున్నాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళవి, వాళ్ళకి తెలిసినవాళ్ళవి కలిపి పదకొండు బాగుచేశాను. అందులో ఒకదాన్ని నా చేతులతో నేనే చంపాను. ఆ సంగతి కూడా చెప్తాను, మీ పౌడర్ కోటింగ్ ప్రశ్నకి జవాబు అదే.

ఈ సైకిలు ఎందుకు ఇలా ఉంటుందో కొంచెం తెలిస్తే బాగుచేసేటప్పుడు ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది. సైక్లోక్రాస్ ఫ్రాన్సులో పుట్టింది. 1902లోనే అక్కడ జాతీయ పోటీ జరిగింది. ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో మొదలైంది, మొదటి విజేత జాన్ రోబిక్. 1947లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది కూడా ఆయనే. మీ సైకిలు పుట్టిన బెల్జియంలో దీన్ని మన సంక్రాంతి కోడిపందేలంత ఇదిగా చూస్తారు. ఎరిక్ డి వ్లామింక్ అనే ఒక్కడే 1966 నుంచి 1973 లోపు ఏడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. పోటీ గంటసేపు ఉంటుంది. గట్టు, ఇసుక, మెట్లు, అడ్డంగా పెట్టిన చెక్కలు. దిగాలి, మొయ్యాలి, ఎక్కాలి. అందుకే పై గొట్టం కింద తీగలేమీ ఉండవు, గేరు తీగలూ బ్రేకు తీగలూ దాని నెత్తి మీదుగా పోతాయి. భుజానికి గుచ్చుకోకూడదు కదా. చక్రానికీ ఫ్రేముకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంటుంది, బురద దూరిపోవడానికి. బ్రేకులు కేంటిలీవర్లు, అంటే ఫోర్కుకి అతికించిన గుబ్బల మీద రెక్కల్లా బయటికి నిలబడేవి. వాటికి కూడా కారణం బురదే.

అంటే మన సార్వా కాలవ గట్టు కోసమే చేసినట్టుంటుంది. ఒక్క తేడా ఏంటంటే, వాళ్ళు దాన్ని మూడు నెలలు తొక్కి పొడిగా ఉన్న గరాజులో పెడతారు. మనకి ఏడాదంతా గాలిలో నీళ్ళుంటాయి. సముద్రం దగ్గరైతే ఉప్పు కూడా.

సైకిల్ని చంపే తుప్పు బయటి నుంచి రాదు, లోపల్నుంచి వస్తుంది. ఇదొక్కటి పట్టుకోండి. బయట గీతల దగ్గర కనిపించే ఎర్రమచ్చలు చూసి కంగారు పడక్కర్లేదు, అవి పైపైవే. సీటు పైపు బిగించే చోట వెనకవైపు ఒక చీలిక ఉంటుంది. వెనక చక్రం చిమ్మే నీళ్ళు సరిగ్గా అందులోకే కొడతాయి. ఆ నీళ్ళు సీటు గొట్టంలోంచి జారి అన్నిటికంటే కిందున్న బి.బి. గొట్టంలో, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే ఆ డబ్బాలో, చేరతాయి. పోయే దారి ఉండదు. సైకిలు వసారాలో వేలాడుతున్నా సరే, రాత్రి చల్లబడ్డప్పుడల్లా గొట్టాల లోపల చెమ్మ పడుతూనే ఉంటుంది.

నేను చంపిన సైకిలు సంగతి. తెచ్చుకున్న రెంటిలో అందమైనది అదే, కొలంబస్ అనే ఇటలీ కంపెనీ స్టీలు ట్యూబులది. పైన రంగు పెచ్చులూడుతోందని ఒక పట్నంలో పౌడర్ కోటింగ్‌కి ఇచ్చాను. ఇసకతో గీకి, నిమ్మపండు పసుపు రంగు వేసి ఇచ్చారు. చూసినవాళ్ళందరూ కొత్తదనుకున్నారు. నేను కూడా మురిసిపోయి బి.బి. లోపల చూడనే లేదు. రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఏడు ఓ రోజు కడుగుతుంటే బి.బి. దగ్గర చైను వైపు గొట్టం కింద చిన్న బొబ్బ కనిపించింది, దోశ మీద పొంగులాగా. గోరుతో నొక్కితే మెత్తగా ఉంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి తోశాను, లోపలికి దిగిపోయింది. ఇనుమే లేదక్కడ, పసుపు రంగు ఒక్కటే నిలబడి ఉంది. పౌడర్ కోటింగ్ మందంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి చివరిదాకా ఏమీ తెలియనివ్వలేదు. పాత రంగే ఉండుంటే ఏడాది ముందే పొడలు కట్టి చెప్పేది.

అందుకే వద్దంటున్నాను. ఇంకో కారణం, పౌడర్ కోటింగ్‌కి ముందు కొన్నిచోట్ల యాసిడ్‌లో ముంచుతారు. గొట్టాలకి ఉండే సన్నటి గాలి రంధ్రాల్లోంచి అది లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. తర్వాత మీరెంత నూనె పోసినా దండగ. మూడోది, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మీ స్టీలు ఫ్రేముకి ఆ వేడి ఇబ్బంది కాదు. కానీ ఇది చదివే వేరేవాళ్ళ దగ్గర అలాన్ ఫ్రేము ఉంటే జాగ్రత్త. ఆ ఇటలీ కంపెనీ అల్యూమినియం గొట్టాల్ని లగ్గుల్లో, అంటే గొట్టాలు కలిసేచోట ఉండే తొడుగుల్లో, మరల్తో, జిగురుతో బిగించేది. జిగురు పెట్టిన ఫ్రేముని ఆ పొయ్యిలో పెట్టకూడదు.

సరే, సీటు పైపు. పైపు అల్యూమినియం, ఫ్రేము స్టీలు. మధ్యలో చెమ్మ చేరితే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తిని, అల్యూమినియం తెల్లటి పొడిగా మారి సున్నంలా గట్టిపడుతుంది. పన్నెండేళ్ళంటే పట్టేసే ఉంటుందని నా అనుమానం. బోల్టు వదులు చేసి చేత్తో తిప్పండి. కదిల్తే మీ అదృష్టం. కదలకపోతే సుత్తి తియ్యకండి, గ్యాసు మంట అసలే పెట్టకండి. ఒకే వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. వేడి చేస్తే లోపలి పైపు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. మనకి కావలసింది చల్లదనం.

నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు బి.బి. మొత్తం విప్పేసి సైకిల్ని తలకిందులు చెయ్యండి. తుప్పు వదిలించే స్ప్రే బి.బి. వైపు నుంచి సీటు గొట్టంలోకి కొట్టండి. మర్నాడు నిలబెట్టి చీలిక వైపు నుంచి కొట్టండి. ఇలా వారం రోజులు మారుస్తూ ఉండాలి, తొందరపడితే లాభం లేదు. వారం తర్వాత ఐసు. మన దగ్గర దానికేం కొదవ? రొయ్యల పుణ్యమా అని ఏ ఊళ్ళో చూసినా ఐసు ఫ్యాక్టరీయే. చిన్న ముక్క కొనుక్కుని, ఊకలో పెట్టి గోనెసంచీలో చుట్టి తెచ్చుకోండి. దాన్ని చిదిపి, సైకిల్ని తలకిందులుగా పెట్టి, బి.బి. డబ్బాలోంచి సీటు గొట్టంలోకి జారవిడిస్తే నేరుగా సీటు పైపు బోలులోకి పోయి కూర్చుంటుంది, ఎందుకంటే చాలా పైపులకి తలవైపు మూసే ఉంటుంది. ఉప్పు కలిపితే ఇంకా చల్లబడుతుంది గానీ నేను కలపను. తుప్పుకి ఎదురెళ్ళి బొట్టు పెట్టి పిలవడం ఎందుకు?

ఇరవై నిమిషాలాగి పైపు తలని బెంచి వైసులో గట్టిగా బిగించండి. తల పాడైపోతుంది, పోనీండి, పైపు కొత్తది దొరుకుతుంది. ఇప్పుడు తిప్పాల్సింది పైపుని కాదు, ఫ్రేముని. ఒకరు ముందు గొట్టం దగ్గర, ఒకరు వెనక దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ. ఊపు వద్దు, బరువు పెట్టాలి. కిందటి వేసవిలో రాజోలు నుంచి వచ్చిన ఒకదానికి నేనూ మా అబ్బాయీ గంటన్నర కుస్తీ పట్టాం. చివరికి తాటికాయ పడ్డట్టు 'టక్' మంది. ఏదో విరిగిందనుకుని మా ఆవిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. విరిగింది ఆ తెల్ల సున్నమే. తర్వాత వేలెడు వేలెడు చొప్పున తిరుగుతూ, కీచుమంటూ బయటికొచ్చింది. పైపు ఒళ్ళంతా తెల్ల మచ్చలు, బొల్లి వచ్చినట్టు.

కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం కరిగిపోతుందని కొందరు చెప్తారు. నిజమే, కరుగుతుంది. కళ్ళు, చేతులు కూడా కరుగుతాయి. ఇంట్లో చెయ్యదగ్గ పని కాదు.

పైపు వచ్చాక దాని కొలత కాలిపర్‌తో చూసి రాసిపెట్టుకోండి. 27.2 మి.మీ. అయితే మంచి పల్చటి ట్యూబులు అని అర్థం, అంతకంటే తక్కువైతే మందం గొట్టాలు కావచ్చు. ఒక్క 0.2 మి.మీ. తేడా ఉన్న పైపు పెట్టినా మళ్ళీ ఇదే కథ.

ఇక లోపల చూడండి. సెల్‌ఫోను లైటు బి.బి. వైపు నుంచి వేసి పైనుంచి తొంగి చూడాలి. గోధుమ రంగు పొడి ఉంటే ఫరవాలేదు. పొరలు పొరలుగా లేస్తుంటే ఆలోచించాలి. బయట నుంచి స్క్రూడ్రైవరు పిడితో గొట్టాల వెంబడి తట్టుకుంటూ రండి. బాగున్న గొట్టం గంటలా ఖంగుమంటుంది, తినేసిన చోట బొద్దుగా పలుకుతుంది, కొబ్బరికాయ తట్టి చూసినట్టే. బి.బి. చుట్టూ నాలుగు అంగుళాల మేర బాగా పట్టి చూడండి. ఇంకోటి, హ్యాండిలు గొట్టం వెనక కింది వాలు గొట్టం అడుగున వేలు పెట్టి రాయండి. అక్కడ ముడత తగిలితే ఎప్పుడో ఎదురుగా దేనికో గుద్దుకున్నట్టు. అలాంటి ఫ్రేముని మాత్రం నేను కూడా గోడకే తగిలిస్తాను.

బాగుంటే, ఎండలో మూడు రోజులు ఆరబెట్టి లోపల లిన్సీడ్ ఆయిల్ పట్టించండి. రంగుల షాపులో "డబల్ బాయిల్డ్" అని అడిగితే ఇస్తారు, తలుపులకి పూసేదే. ఒక గ్లాసుడు బి.బి.లోంచి, సీటు గొట్టంలోంచి పోసి ఫ్రేముని అన్ని వైపులా తిప్పండి, వెనక సన్న గొట్టాల రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. ఒక రాత్రి వేలాడదీసి మిగిలింది కారిపోనివ్వండి. రెండు మూడు వారాల్లో లోపల పల్చటి పొరలా ఎండుతుంది. ఇంట్లో కొబ్బరి నూనె ఉందిగా అనుకోకండి, కోనసీమవాళ్ళకి మొదట వచ్చే ఆలోచన అదే. అది ఎండదు, పొర కట్టదు. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, విడివిడిగా ఆరబెట్టి అప్పుడు పారెయ్యండి.

బి.బి. గొట్టం అడుగున చిన్న చిల్లు ఉందేమో చూడండి. ఉంటే గ్రీజుతో పూడిపోకుండా చూసుకోండి, అదే మురుగు తూము. పైన చీలిక మీదకి పాత ట్యూబు ముక్క ఉంగరంలా కోసి తొడగండి. పైసా ఖర్చు లేదు, దీన్ని మించిన రక్షణా లేదు.

బయటి తుప్పుకి ఆక్సాలిక్ యాసిడ్ పల్చగా కలిపి గుడ్డతో అద్దితే మచ్చలు పోతాయి, రంగూ స్టిక్కర్లూ ఉంటాయి. విషం అది, తొడుగులు వేసుకోండి, పిల్లలకి దూరంగా ఉంచండి. ఫోర్కు మీద క్రోమ్ ఉంటే చింతపండు చాలు, ఇత్తడి బిందె తోమినట్టు తోమి వెంటనే కడిగి తుడిచెయ్యండి. రంగు ఊడిన చోట్ల, పాతదానికి దగ్గరగా ఉండే రంగు చిన్న బ్రష్‌తో అద్దండి. మావయ్యగారి గీతలు అలాగే ఉండనివ్వండి.

బి.బి. విప్పడం గురించి ఒక హెచ్చరిక. కప్పు (బాల్సు కూర్చునే, మర ఉన్న గిన్నె) మీద అచ్చు చదవండి. "1.37 x 24" అని ఉంటే ఇంగ్లీషు మర: చైను వైపు కప్పు ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితే ఊడుతుంది. "36 x 24" అయితే ఇటలీది, "35 x 1" అయితే ఫ్రెంచిది, ఈ రెంటికీ రెండు వైపులా మామూలు మరే. బెల్జియం సైకిళ్ళలో ఇంగ్లీషుదీ ఇటలీదీ రెండూ చూశాను. నా మొదటి దానికి మా దగ్గర్లో ఒక మెకానిక్ అచ్చు చూడకుండా, నాలుగడుగుల పైపు తగిలించి, పాపం శ్రద్ధగా, ఇంకా బిగించాడు. అది విప్పేసరికి తాతలు దిగొచ్చారు.

బేరింగు బాల్సు అన్నీ కొత్తవి వెయ్యండి. బి.బి.కి పావు అంగుళం బాల్సు వైపుకి 11, వెనక హబ్బుకి అవే వైపుకి 9. ముందు హబ్బుకి మామూలుగా 3/16 అంగుళం, కాంపగ్నోలో కంపెనీ హబ్బయితే 7/32. పాతవి ఒకటి కొలిచి తీసుకెళ్తే సరిపోతుంది. హ్యాండిలు తిప్పుతుంటే మధ్యలో ఒక గాడిలో పడ్డట్టు ఆగుతుందా? హ్యాండిలు తిరిగే చోట ఉన్న కప్పులో గుంటలు పడ్డాయన్నమాట. కొత్త కప్పులు దొరకడం కష్టమైతే బాల్సుని పట్టి ఉంచే పంజరం తీసేసి విడి బాల్సు నింపండి. లెక్క మారుతుంది కాబట్టి అవి పాత గుంటల్లో కూర్చోవు. మా నాన్న అద్దె సైకిళ్ళకి వాడిన ఉపాయం ఇది, కొలంబస్ ఫ్రేముకీ అంతే బాగా పనిచేసింది.

ఇప్పుడు ఆ 28 సంగతి. మెకానిక్ మోసం చెయ్యట్లేదు, మాట ఒకటే, కొలతలు రెండు. మన పాత నల్ల సైకిళ్ళకి, పాలవాళ్ళ సైకిళ్ళకి ఉండేది 28 x 1 1/2. దాని రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ. మీ సైకిలుది 700సి, అక్కడ 622 మి.మీ. 700సి టైర్ల మీద కూడా కొన్నిసార్లు 28 అని ఉంటుంది, గందరగోళమంతా అక్కడే. 635 టైరు 622 రిమ్ముకి వదులైపోయి గాలి కొడుతుంటేనే జారి బయటికొస్తుంది. పోనీ చక్రమే మార్చేద్దామంటే రిమ్ము 6.5 మి.మీ. పైకి పోతుంది, బ్రేకు గుబ్బలు కదలవు కదా, రబ్బర్లు రిమ్ముకి అందవు. టైరు గోడ మీద 622 అనే అంకె చూడకుండా కొనకండి. గేర్ల సైకిళ్ళ షాపుల్లో 700 x 32, 700 x 35 దొరుకుతున్నాయి. పోటీల్లో యు.సి.ఐ. (ప్రపంచ సైక్లింగ్ సంఘం) 33 మి.మీ. దాటనివ్వదు, మనకి ఆ గొడవ లేదు, సందు ఉంటే 35 వేసుకోండి.

మీ చక్రాలకి బహుశా ట్యూబులర్లు ఉండి ఉంటాయి, రిమ్ముకి జిగురుతో అంటించే, లోపల ట్యూబుని కుట్టేసిన టైర్లు. తక్కువ గాలితో తొక్కడానికి వాటిని మించినవి లేవు. కానీ పల్లేరు కాయ గుచ్చుకుంటే కుట్టు విప్పి, పంక్చరు వేసి, మళ్ళీ కుట్టాలి. మన గట్ల మీద పల్లేరు కాయలు, సముద్రం వైపు సర్కారు తుమ్మ. చెప్పేదేముంది? ఆ రిమ్ములు దాచిపెట్టుకుని, అవే హబ్బులకి మామూలు రిమ్ములు కట్టించండి. చక్రం పుల్లలు (స్పోకులు) విప్పకముందే ఫ్రీవీలు ఊడదీయించుకోండి, తర్వాత పట్టు దొరకదు. నా బరువు 72 కేజీలు, గట్ల మీద వెనక 45, ముందు 40 పి.ఎస్.ఐ. గాలి పెడతాను. తారు రోడ్డు మీదే పోయేట్టయితే 60.

కేంటిలీవర్ బ్రేకులు పట్టవని అందరూ తిడతారు. సరిగ్గా కట్టనందుకే. రెండు రెక్కల్నీ కలిపే అడ్డ తీగ ఎంత కిందకి ఉంటే పట్టు అంత పెరుగుతుంది, కానీ మీట ఎక్కువ నొక్కాలి. పైకి పెడితే మీట గట్టిగా అనిపిస్తుంది, ఆగదు. టైరుకి రెండు వేళ్ళ ఎత్తులో మొదలుపెట్టి సర్దుకోండి. రబ్బరు ముందు కొస రిమ్ముని ముందుగా తాకేలా ఒక అట్టముక్క మందం వాలు ఇస్తే కీచుమనడం తగ్గుతుంది. ఒక ప్రమాదం మాత్రం గుర్తుంచుకోండి: ముందు బ్రేకు ప్రధాన తీగ తెగితే అడ్డ తీగ టైరు మీద పడి, టైరు గుబ్బల్లో చిక్కుకుని చక్రం ఠక్కున ఆగిపోతుంది, మీరు హ్యాండిలు మీదుగా వెళ్ళిపోతారు. మడ్‌గార్డో, కనీసం దాని క్లిప్పో, ముందు ఉంటే తీగ దానిమీద ఆగుతుంది. పాత తీగలన్నీ మార్చెయ్యండి. వంపు హ్యాండిలు మీటలకి తీగ తల వేరేగా, బేరిపండు ఆకారంలో ఉంటుంది. మామూలు తీగ తల అరగదీసి పెట్టించకండి.

హ్యాండిలు, దాని మెడ కూడా అల్యూమినియమే, నలభై ఏళ్ళవి. టేపు విప్పి, బిగింపు దగ్గర సన్న గీత ఏదైనా ఉందేమో ఎండలో చూడండి. అనుమానం వస్తే మార్చడమే.

గేర్లా? హ్యాండిలు కొసల్లో మీటలు ఉంటే వదలకండి, బురదలో వాటిని మించినవి లేవు. అవి పాడైపోయి ఉంటే ఖర్చు పెట్టకండి. ముందు 42 పళ్ళ చక్రం, వెనక ఊళ్ళో దొరికే 18 పళ్ళ ఫ్రీవీలు (హబ్బు మర ఫ్రెంచిది కాకపోతే ఎక్కుతుంది), వెడల్పాటి చైను. అయిపోయింది. మన దగ్గర ఎక్కాల్సిన మిట్టలెక్కడున్నాయి, చించినాడ వంతెన తప్ప? ఎదురుగాలి రోజున కొంచెం ఏడుస్తారంతే.

తొక్కడం గురించి. నల్లమట్టి గట్టు వానలో బెల్జియంలోని ఫ్లాండర్స్ బురద కంటే కష్టం. అక్కడిది జారుతుంది, మనది అంటుకుంటుంది. జూలైలో వంద గజాలు పోయేసరికి చక్రం తిరగదు, బ్రేకుల దగ్గర పిడకలు కట్టేస్తుంది. ఒక్క చిన్న వెదురు పుల్ల జేబులో పెట్టుకోండి. ఏటిగట్లు నయం, ఒండ్రూ ఇసకా కలిసి నీరు లాగేస్తుంది. నాకిష్టమైన కాలం దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేసినప్పుడు, పొద్దున్న ఎనిమిది లోపు. అప్పుడు కూడా చేలల్లోకి దిగకండి, ఎండకి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, మీ టైరు సరిగ్గా ఆ సందులో పడుతుంది. నాకు పడింది, మణికట్టు నెల్లాళ్ళు కట్టులో ఉంది.

బోదెల మీద తాటిదుంగలు వస్తాయి. అక్కడే ఈ సైకిలు విలువ తెలిసేది. ముందుగానే కుడికాలు వెనకనుంచి ఎడమవైపుకి తెచ్చి, నడుస్తున్న ఊపులోనే దిగండి. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి దిగడం ఎప్పుడూ ఎడమవైపే. పై గొట్టం కుడిభుజం మీదకి ఎత్తి, కుడిచెయ్యి కింది గొట్టం అడుగునుంచి పోనిచ్చి హ్యాండిలు ఎడమ కొమ్ము పట్టుకోండి. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది, దుంగ మీద తూకానికి పనికొస్తుంది. మొదటి నెల మీ ఇంటి ముందు కొబ్బరిమట్ట అడ్డంగా పెట్టి సాధన చెయ్యండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి.

మీకు దగ్గరి దారి: నరసాపురం వెళ్ళి పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే అంతర్వేది వైపు ఏటిగట్టు పట్టుకోవచ్చు. కానీ సముద్రపు ఒడ్డున ఇసకలోకి దింపిన రోజున ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి తీరాలి, మర్నాటికి వాయిదా వెయ్యకండి. బకెట్టు, గుడ్డ చాలు. మోటారు సైకిళ్ళ వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్ళకండి, ఆ పోటు నీళ్ళు గ్రీజుని తోసేసి బాల్సుల్లో చేరతాయి. కడిగాక వెనక చక్రం మీద నిలబెట్టి ఓ నిమిషం పట్టుకోండి, గొట్టాల్లో నీళ్ళుంటే కారతాయి. ఏడాదికోసారి, వానలు తగ్గాక, సీటు పైపు తీసి గ్రీజు రాసి మళ్ళీ పెట్టండి. ఆ ఒక్క పని మీ మావయ్యగారు చేసుంటే నాకు ఇంత రాసే పని ఉండేది కాదు.

ఖర్చు సంగతి అడగలేదు గానీ, చక్రాలు కట్టించడం తప్పిస్తే మిగతాదంతా చిన్న ఖర్చే. తినేది ఓపికని. సీటు పైపు కదిలిందో లేదో, బి.బి. కప్పు మీద ఏ అంకె ఉందో చూసి రాయండి. ఇటలీ మరైతే నా డబ్బాలో ఒక జత పాత కప్పులున్నాయి, బాగానే ఉన్నాయి, పంపిస్తాను.